టానరైట్ పేల్చిన రోజు: వంద గజాల దూరం నుంచి నేను చూసింది

పాత కారులోనో, పాడైన ఫ్రిజ్‌లోనో టానరైట్ అనే పేలే టార్గెట్ ఉన్న తెల్ల డబ్బా ఒకటి పెడతారు. దూరం నుంచి రైఫిల్‌తో కొడతారు. కారు డోరు ఆకాశంలోకి లేస్తుంది, కెమెరా వెనక ఉన్నవాళ్లు కేకలు పెడతారు. ఇలాంటి వీడియోలు చూసి "అన్నా, నువ్వు షూటింగ్ రేంజ్‌కి పోతావు కదా, అది మనం కూడా చేయొచ్చా?" అని డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు నన్ను చాలామంది అడిగారు. చేశాను కాబట్టి చెప్పగలను. చేయొచ్చు, అందరూ కాదు. ఆ వీడియోల్లో చూపించే పద్ధతిలో అయితే ఎవరూ చేయకూడదు.

నాకు ఈ విషయం మీద ఇంత పట్టింపు ఉండడానికి కారణం ఉంది. మాది గోదావరిఖని. మా బాపు సింగరేణిలో షాట్ ఫైరర్‌గా, అంటే గనిలో బ్లాస్టింగ్ చేసేవాడిగా, చేసి రిటైరయ్యాడు. ఓసీపీలో, అంటే ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో, బ్లాస్టింగ్ అయ్యే టైంకి సైరన్ మోగడం, కాసేపటికి ఇంట్లో గిన్నెలు గలగలమనడం నా చిన్నతనమంతా ఉన్నదే. పేలుడు అంటే మా ఇంట్లో సరదా మాట కాదు, అన్నం పెట్టిన పని. అందుకే అమెరికాలో ఒక స్పోర్టింగ్ గూడ్స్ షాపులో, చేపలు పట్టే గేలాల పక్క అరలో, పేలే టార్గెట్లు అమ్ముతుంటే మొదటిసారి చూసి అక్కడే నిలబడిపోయాను.

ముందు ఆ వస్తువు సంగతి. దీన్ని ఇక్కడ అందరూ టానరైట్ అనే అంటారు. అది నిజానికి ఒక కంపెనీ బ్రాండు పేరు. 1990ల్లో ఒరెగాన్‌కి చెందిన డేనియల్ టానర్ దీన్ని తయారుచేశాడు, ఆయన ఇంటిపేరే దీనికీ వచ్చింది. డబ్బాలో రెండు భాగాలు విడివిడిగా వస్తాయి. ఒకటి అమ్మోనియం నైట్రేట్ ప్రధానంగా ఉన్న గుళికలు, రెండోది చిన్న ప్యాకెట్లో అల్యూమినియం పొడి. విడిగా ఉన్నంతసేపు అమెరికా ఫెడరల్ చట్టం వాటిని పేలుడు పదార్థంగా చూడదు. అందుకే షాపులో పెట్టి అమ్మగలుగుతున్నారు. రెండూ కలిపిన క్షణం నుంచి మాత్రం అది చట్టం దృష్టిలో పేలుడు పదార్థమే. సొంతంగా, అక్కడికక్కడ వాడుకోవడానికి కలిపితే లైసెన్సు అక్కర్లేదు. కలిపినదాన్ని కారులో వేసుకుని తిరిగినా, ఇంట్లో దాచినా పేలుడు పదార్థాల రవాణా, నిల్వ నిబంధనలన్నీ మీద పడతాయి.

కలిపాక కూడా అది పెద్ద మొండిది. చేయి జారి కింద పడినా పేలదు. పాయింట్ 22 అనే మామూలు చిన్న తూటా తగిలినా ఈ రకం సాధారణంగా పేలదు. సెకనుకు సుమారు 2,000 అడుగులు దాటిన వేగంతో రైఫిల్ తూటా తగిలితేనే పేలుతుంది. ఆ మొండితనం వల్లే దీన్ని టార్గెట్‌గా వాడగలుగుతున్నారు. "ఏమీ కాదులే" అనే ధీమా పుట్టేదీ అక్కడినుంచే.

ఇప్పుడు మనవాళ్లకి అన్నిటికన్నా ముఖ్యమైన మాట. మా బామ్మర్ది ఇక్కడ మాస్టర్స్ చదువుతున్నాడు, ఎఫ్-1 వీసా. నేను వెళ్తున్నానని తెలిసి వారం ముందు నుంచే మొదలుపెట్టాడు.

"బావా, నేనూ వస్తా. ఒక్క షాట్ కొట్టనీ చాలు."

"రా, చూడు. కొట్టడం మాత్రం కుదరదు."

"ఎవరు చూస్తారు బావా అక్కడ? అడవిలో ఉంటది గదా."

చూసేవాళ్లు ఉన్నారా లేరా అన్నది కాదు ఇక్కడ సంగతి. ఎఫ్-1, హెచ్-1బీ లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. వాటిని పట్టుకుని చాలామంది రేంజ్‌కి వెళ్తుంటారు. పేలుడు పదార్థాలకి వేరే సెక్షన్ ఉంది, అందులో ఈ హంటింగ్ లైసెన్స్ మినహాయింపు లేదు. గ్రీన్‌కార్డో, సిటిజన్‌షిప్పో లేకపోతే, చాలా కొద్దిమందికి తప్ప, కలిపిన టానరైట్‌ని చేత్తో పట్టుకోవడమే నేరం. జైలు సంగతి అటుంచి, వీసా పోతుంది, డిపోర్టేషన్ దాకా వెళ్తుంది. రెండు సెకన్ల వీడియో కోసం అమ్మానాన్న అప్పు చేసి పంపిన చదువుని పణంగా పెట్టడమే అది. నాకు గ్రీన్‌కార్డు వచ్చేదాకా నేను డబ్బా కొననూ లేదు, ముట్టుకోనూ లేదు. ఇదంతా వాడికి కూర్చోబెట్టి చెప్పాను. మొహం మాడ్చుకున్నా విన్నాడు. వచ్చాడు, చెవులకి మఫ్స్ పెట్టుకుని ట్రక్కు వెనక నిలబడి చూశాడు.

వెళ్లే ముందు రోజు రాత్రి బాపుకి ఫోన్ చేశాను. ఏం చేయబోతున్నానో చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టాడు.

"ఎంత పెడుతున్నరు?"

"అర పౌండు బాపూ. పావుకిలో లోపే."

"ఎంత దూరం?"

"వంద గజాలు. అంటే తొంభై మీటర్లు."

"మాకైతే అయిదు వందల మీటర్లు డేంజర్ జోన్. సరే, మీది చిన్నది. పేలకపోతే ఏం జేస్తరు?"

ఆ ప్రశ్న అంతకుముందు నన్ను ఎవరూ అడగలేదు. షాపువాడు అడగలేదు, వీడియోల్లో చెప్పలేదు. మళ్లీ దూరం నుంచే కొడతామని, దగ్గరికి వెళ్లమని చెప్పాను.

"ఆఁ. పేలిందానితోటి భయం లేదు బిడ్డా. అది అయిపాయె. పేలందే జూసుకోవాలె. మిస్‌ఫైర్ అయినంక దగ్గరికి పోయినోళ్లనే నేను జూసిన."

ఎవరిని చూశాడో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. గనుల్లో పనిచేసిన ఇళ్లల్లో ఆ ప్రశ్న అంత తేలిగ్గా అడగరు.

మేం వెళ్లింది మా ఆఫీసులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన రాంచ్‌కి. డాలస్ నుంచి ఐ-35 మీద వేకో వైపు వెళ్లి, అక్కడినుంచి పడమరకి తిరగాలి. వేకోకి కాస్త ముందు వెస్ట్ అనే చిన్న ఊరు వస్తుంది. చెక్ దేశం నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల ఊరు. వాళ్లు చేసే కొలాచీలు, అంటే పండ్ల గుజ్జు పెట్టిన మెత్తటి బన్నులు, తినకుండా ఆ దారిన ఎవరూ పోరు. మేమూ ఆగాం. అదే ఊళ్లో 2013 ఏప్రిల్ 17న ఎరువుల గోదాము తగలబడి, అందులోని అమ్మోనియం నైట్రేట్ పేలి 15 మంది చనిపోయారు. వాళ్లలో 12 మంది మంటలార్పడానికి, సాయం చేయడానికి పరిగెత్తుకొచ్చినవాళ్లే. ఇదే టెక్సాస్‌లో 1947లో టెక్సాస్ సిటీ రేవులో ఇదే పదార్థం మోసుకొచ్చిన ఓడ పేలి 500 మందికి పైగా పోయారు. 2020 ఆగస్టులో లెబనాన్‌లోని బేరూత్ రేవులో ఇదే పదార్థం పేలిన సంగతి అందరూ టీవీలో చూసినదే. అప్పుడే చెన్నై మణలిలో ఏళ్ల తరబడి పడున్న దాదాపు 700 టన్నుల సరుకుని హడావుడిగా కంటైనర్లలో హైదరాబాద్‌కి తరలించారు. ఆ వార్త వచ్చిన రోజు బాపు నాకు ఫోన్ చేసి, "ఇన్నేండ్లు అట్లెట్ల ఉంచిన్రు రా" అని ఒకటే బాధపడ్డాడు. మన దేశంలో 2011లోనే అమ్మోనియం నైట్రేట్‌ని పేలుడు పదార్థంగా ప్రకటించి, 2012లో దానికి ప్రత్యేకంగా రూల్స్ తెచ్చారు. సామాన్యుడు షాపులో కొని పొలంలో పేల్చడం అక్కడ ఊహకి కూడా అందదు. నా బ్యాగులో ఉన్నది అర పౌండు డబ్బాలే. అయినా ఆ ఊరి మీదుగా వెళ్తున్నంతసేపు డిక్కీలో ఉన్న ఆ బ్యాగు నా మనసులో మెదులుతూనే ఉంది.

రాంచ్‌కి చేరాక వెంటనే తుపాకీలు బయటికి తీస్తామని మా బామ్మర్ది అనుకున్నాడు. పెద్దాయన ముందు ఫోన్ తీశాడు. కౌంటీలో బర్న్ బ్యాన్ ఉందా లేదా అని మరోసారి చూసుకున్నాడు. టెక్సాస్‌లో ఎండలు ముదిరితే కౌంటీలు బయట నిప్పు పెట్టడాన్ని నిషేధిస్తాయి. బ్యాన్ ఉంటే వంట తప్ప ఇంకేం లేదని ముందే చెప్పాడు. ఆ రోజు లేదు. రెండు రోజుల క్రితం గట్టి వాన పడింది, నేల ఇంకా తడిగానే ఉంది. గాలి పెద్దగా లేదు. తర్వాత పక్క రాంచ్ వాళ్లకి ఫోన్ చేశాడు. ఫలానా టైంలో పేలుళ్లు వినిపిస్తాయి, గుర్రాలుంటే లోపల కట్టేసుకోండి అని. ఆ ఫోన్ కాల్ నాకు బాగా నచ్చింది. మా దగ్గర సైరన్ ఏ పని చేస్తుందో ఇక్కడ ఆ ఫోన్ కాల్ అదే పని చేసింది.

చోటు ముందే సిద్ధం చేసి పెట్టాడు. వెనక మట్టి గుట్ట, దాని ముందు ట్రాక్టర్‌తో గడ్డి మొత్తం గీకేసిన ఎర్రమట్టి నేల. రాళ్లు ఏరేశాడు. రాయి పక్కన పేలితే ఆ రాయే తూటా అవుతుంది. ట్రక్కులో నీళ్ల ట్యాంకు, దానికి పంపు, రెండు పారలు, ఒక ఫైర్ ఎక్స్‌టింగ్విషర్.

తర్వాత నా తూటాల పెట్టె అడిగాడు. జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి తూటా మొనకి ఆనించాడు. అంటుకోలేదు. సరే అని తిరిగి ఇచ్చాడు. ఎందుకని అడిగితే చెప్పాడు. పైన రాగి పూత, లోపల సీసం ఉన్న మామూలు తూటా అయితే ఫర్వాలేదట. స్టీల్ కోర్ తూటాలు, మొత్తం రాగితో చేసిన తూటాలు గట్టి వస్తువుకి తగిలి పగిలినప్పుడు ముక్కలు బాగా వేడెక్కి, ఎండుగడ్డిలో పడితే నిప్పు అంటుకునే అవకాశం ఎక్కువట. ఇంటికొచ్చాక వెతికి చూశాను. 2013లో మోంటానాలోని మిజూలాలో అమెరికా ఫారెస్ట్ సర్వీస్ పరిశోధకులు రకరకాల తూటాలని స్టీల్ పలకకి కొట్టి చూసి ఇదే తేల్చారు. పేలే టార్గెట్ ఒక్కటే కాదు, దాన్ని కొట్టే తూటాకి కూడా నిప్పు పెట్టే గుణం ఉంటుందన్నమాట.

కలపడం కూడా ఆయనే చూపించాడు. తుపాకీలన్నీ బల్ల మీద, బోల్టులు తెరిచి, మ్యాగజైన్లు తీసి, ఎవరి చేతా ముట్టించకుండా. ఒకసారికి ఒక్క డబ్బా మాత్రమే, అది కూడా కొట్టబోయే ముందు మాత్రమే. కంపెనీ ఇచ్చిన డబ్బా, కంపెనీ ఇచ్చిన ప్యాకెట్టు, అందులో రాసినట్టే. నాలుగు డబ్బాలు ఒక బకెట్లో పోసి కలపడం లాంటి పనులు ఆయన దగ్గర లేవు. మూత బిగించి, మట్టి నేల మీద ఒక ఖాళీ అట్టపెట్టె బోర్లించి, దాని మీద డబ్బా పెట్టాడు. చుట్టుపక్కల లోహం అన్నది లేదు. ఇద్దరం నడిచి వెనక్కి వచ్చాం. ఆ వంద గజాలు వెనక్కి నడుస్తున్నప్పుడు వీపు మీద ఏదో ఉన్నట్టు అనిపించింది. పేలదని తెలుసు, అయినా అనిపిస్తుంది.

చెవుల్లో ముందు ఇయర్ ప్లగ్స్, వాటిమీద మఫ్స్. రైఫిల్ శబ్దమే దాదాపు 160 డెసిబెల్స్ ఉంటుంది, 140 దాటితే ఒక్క చప్పుడుకే వినికిడి దెబ్బతినవచ్చు. కళ్లద్దాలు అందరికీ, చూసేవాళ్లకి కూడా. పెద్దాయన మనుషుల్ని లెక్కపెట్టుకుని గట్టిగా అరిచాడు. "రేంజ్ ఈజ్ హాట్!" అంటే ఇక కాల్పులు మొదలు, ఎవరూ ముందుకి వెళ్లకూడదని.

నాది ఏఆర్-15 రైఫిల్, పాయింట్ 223 తూటా. సాండ్ బ్యాగ్ మీద ఆనించి స్కోప్‌లోంచి చూశాను. అంత దూరంలో డబ్బా తెల్లగా, గోరంత. పేపర్ టార్గెట్‌ని వందలసార్లు కొట్టిన చెయ్యే, అదే దూరం, అదే తుపాకీ. అయినా గుండె చప్పుడుకి స్కోప్‌లో గీతలు పైకీ కిందకీ ఊగడం కనిపిస్తోంది. కాగితం దగ్గర గురి తప్పినా, తగిలినా పెద్ద తేడా ఉండదు, వెళ్లి చూసేదాకా తెలియదు. ఇక్కడ వేలు కదిపిన మరుక్షణం తెలిసిపోతుంది. ఊపిరి సగం వదిలి ఆపాను. ట్రిగ్గర్ మీద వేలు మెల్లగా వెనక్కి.

చూసింది చూసినట్టు చెప్తాను. ముందు భుజానికి తుపాకీ తన్నింది. స్కోప్‌లో డబ్బా ఉన్న చోట తెల్లటి ముద్ద ఒకటి ఉన్నట్టుండి ఉబ్బింది. అప్పటికింకా శబ్దం లేదు. తూటా అక్కడికి చేరడానికి సెకనులో పదో వంతు పడుతుంది, పేలిన శబ్దం తిరిగి మన దగ్గరికి రావడానికి పావు సెకను పైన. ఆ ఖాళీలో పేలుడు కనిపిస్తుంది, వినిపించదు. తర్వాత వచ్చింది. చెవికి కాదు, ఛాతీకి. అరచేత్తో ఎవరో గుండెల మీద చరిచినట్టు ఒక్క దెబ్బ, ప్యాంటు కాళ్ల దగ్గర గుడ్డ కదిలింది, కింద బల్ల అదిరింది. గుట్ట వెనకనుంచి ప్రతిధ్వని తిరిగొచ్చింది. దీపావళికి మనం పేల్చే లక్ష్మీ బాంబు శబ్దం చెవిలో మొదలై చెవిలోనే అయిపోతుంది, దీనిది ఒళ్లంతా. తెల్లటి పొగ గుండ్రంగా లేచి, మెల్లగా పక్కకి వాలి, చెదిరిపోయింది. మఫ్స్ లోంచి కూడా మా బామ్మర్ది కేక వినిపించింది.

నేను నవ్వుతూ ఉన్నానని నాకు కాసేపటికి గానీ తెలియలేదు. చేతులు వణుకుతున్నాయి. భయంతో కాదు. పట్టిన గురి కరెక్టని వంద గజాల అవతల నుంచి భూమే జవాబు చెప్పినట్టు ఉంది. ఇన్నేళ్లు రేంజ్‌లో కాగితానికి చిల్లులు పెట్టినప్పుడు ఎప్పుడూ రాని ఆనందం అది. దీనికి జనం ఎందుకు అలవాటుపడతారో ఆ ఒక్క షాట్‌తో అర్థమైంది. అర పౌండు చాలు. నిజంగా చాలు. ఇంతకన్నా పెద్దది కావాలని నాకు అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు.

"రేంజ్ ఈజ్ కోల్డ్", అంటే కాల్పులు ఆగాయి, అన్నాక, తుపాకీలన్నీ ఖాళీ అని ఒకరిది ఒకరం చూసుకున్నాక వెళ్లి చూశాం. అట్టపెట్టె లేదు. చుట్టూ అరచేతి సైజు అట్టముక్కలు, ప్లాస్టిక్ పొరలు, కాలిన దుమ్ము వాసన. తడి మట్టిలో పళ్లెం లోతు గుంట. ఒక అట్టముక్క మాత్రం నలభై అడుగుల దూరంలో తడి గడ్డిలో పడి, అంచున సన్నగా ఎర్రగా ఉంది. పెద్దాయన దాని మీద బూటు పెట్టి నలిపాడు, పారతో మట్టి కప్పాడు, ఆపైన నీళ్లు పోశాడు. పేలే టార్గెట్ల వల్ల నిప్పు రాదు అనే వాదన ఇక్కడ తరచూ వింటాం. ఆ ముక్కని నేను నా కళ్లతో చూశాను.

అరిజోనాలో 2017 ఏప్రిల్‌లో జరిగింది ఇందుకే చెప్పాలి. పుట్టబోయేది బాబో పాపో చెప్పే వేడుకకి, రంగు పొడి కలిపిన పేలే టార్గెట్‌ని రైఫిల్‌తో కొట్టారు. నీలం రంగు ఎగిరింది. దాని వెంటే చుట్టూ ఉన్న ఎండుగడ్డి అంటుకుంది. సామిల్ ఫైర్ అని పేరు పెట్టిన ఆ మంట దాదాపు 47,000 ఎకరాలు తగలబెట్టింది. నష్టం 80 లక్షల డాలర్లు దాటింది, కొట్టిన మనిషే దాన్ని కట్టాలని కోర్టు ఆదేశించింది. అంతకుముందే, 2013లో, ఫారెస్ట్ సర్వీస్ కొలరాడో, వయోమింగ్ వైపు తన అడవుల్లో వీటిని నిషేధించింది. 2012 నుంచి పడమటి రాష్ట్రాల్లో కనీసం 16 కార్చిచ్చులకి వీటితో సంబంధం ఉందని, ఆర్పడానికి 3 కోట్ల 30 లక్షల డాలర్ల పైన ఖర్చయిందని అప్పుడు చెప్పింది. మన తెలుగు ఇళ్లల్లో కూడా ఈ మధ్య జెండర్ రివీల్ పార్టీలు మామూలైపోయాయి. రంగు కోసం బెలూన్ ఉంది, కేకు ఉంది. దయచేసి దీని జోలికి మాత్రం పోకండి.

రెండో డబ్బా పెద్దాయన మనవడు కొట్టాడు. స్కోప్‌లో డబ్బా కదలడం, పక్కకి ఒరగడం స్పష్టంగా కనిపించింది. పేలలేదు. తూటా మూత అంచున తగిలి దూసుకుపోయింది. కుర్రాడు లేచి ఒక అడుగు ముందుకి వేశాడో లేదో పెద్దాయన "కూర్చో" అన్నాడు. గొంతు పెంచలేదు, కానీ ఆ ఒక్క మాటకి అందరం కూర్చున్నాం. బాపు అడిగిన ప్రశ్న నా ముందు నిలబడి ఉంది. డబ్బా పగిలి ఉంది, మందు కొంత బయటికి ఒలికి ఉంది, లోపల ఎంత మిగిలిందో తెలియదు. దగ్గరికి వెళ్లి సరిచేసి రావడం అనే మాటే లేదు. పక్కకి ఒరిగిన డబ్బా సరిగ్గా కనిపించేలా బల్లని కొంచెం జరిపారు. ఆ టైమంతా ఎవరూ జోకులు వేయలేదు. కుర్రాడు మళ్లీ గురి పెట్టాడు. ఈసారి పేలింది. పొగ తేలాక కూడా పెద్దాయన వెంటనే కదలలేదు. బైనాక్యులర్స్‌తో నేలంతా చూసి, కలిపిన మందు ముద్దగా ఏమీ మిగల్లేదని తేల్చుకున్నాకే కోల్డ్ అన్నాడు.

ఆ మధ్యాహ్నం అన్నింటికన్నా ప్రమాదకరమైన క్షణం ఏదంటే, నా లెక్కలో, పేలుళ్లలో ఏదీ కాదు. భోజనాల దగ్గర వచ్చింది. షెడ్డు పక్కన పాత వాషింగ్ మెషీన్ ఒకటి పడి ఉంది. "తాతా, మిగిలిన రెండూ అందులో పెడదాం, వీడియో అదిరిపోతుంది" అన్నాడు మనవడు. మా బామ్మర్ది అప్పుడే ఫోన్ తీశాడు. నిజం చెప్పాలంటే అందరి కళ్లల్లోనూ వెలుగు వచ్చింది. ఒక మంచి షాట్ తర్వాత ఇంకొంచెం పెద్దది కావాలనిపించే ఆ ఊపులోనే మనుషులు పోతున్నారు.

పెద్దాయన ప్లేటు పక్కన పెట్టి 2016లో జార్జియాలో జరిగింది చెప్పాడు. గడ్డి కోసే రైడింగ్ మోవర్ లోపల మూడు పౌండ్లు పెట్టి, సరిపడా దూరం లేకుండా కొట్టాడు ఒకతను. ఎగిరొచ్చిన రేకు అతని కాలు మోకాలి కింద తెగ్గొట్టేసింది. బయట మట్టి మీద పెడితే పేలుడుకి విసరడానికి ఏమీ దొరకదు, గాలిని తోసి ఊరుకుంటుంది. ఇనుప డబ్బా లోపల పెడితే ఆ ఇనుమంతా ముక్కలై నలుదిక్కులా వస్తుంది, ఎటు వస్తుందో ఎవరూ చెప్పలేరు. తయారీదారులు కూడా ఇదే హెచ్చరిక చేస్తారు. ఇంక ఎక్కువ పెట్టి దూరంగా నిలబడితే చాలనుకునేవాళ్లకి 2021 ఏప్రిల్‌లో న్యూ హాంప్‌షైర్‌లోని కింగ్‌స్టన్ ఉంది. అక్కడ కూడా జెండర్ రివీల్ పేరుతోనే, క్వారీలో అయితే సేఫ్ అనుకుని 80 పౌండ్లు పేల్చారు. చుట్టుపక్కల ఇళ్లు అదిరాయి, భూకంపమని జనం పోలీసులకి ఫోన్లు చేశారు. ఓసీపీల చుట్టూ గోడలు పగుళ్లిచ్చిన ఇళ్లల్లో పెరిగినవాడిని కాబట్టి ఆ జనం కోపం నాకు బాగా తెలుసు. వాళ్ల ఇంటి కంపనం ఎవరి సరదాకో రాకూడదు.

వాషింగ్ మెషీన్ అక్కడే ఉండిపోయింది. మిగిలిన రెండు డబ్బాలు మట్టి మీదే, ఒకటి తర్వాత ఒకటి, పేల్చాం. ఒకటి నాది. రెండోసారి కూడా అంతే బాగుంది. కలిపింది ఏదీ మిగల్చలేదు, మిగిలితే దాన్ని పట్టుకెళ్లడానికి లేదు కాబట్టి కలిపేటప్పుడే లెక్క చూసుకున్నాం.

తర్వాత గంటకి పైగా మేం ఎక్కడికీ కదల్లేదు. నేల మీద అట్టముక్కలు, ప్లాస్టిక్ ఏరి సంచిలో వేశాం. పెద్దాయన ట్యాంకు నీళ్లతో ఆ చోటంతా తడిపాడు. మా బామ్మర్దికి పార ఇచ్చి చుట్టూ గడ్డి అంచు వెంబడి నడవమన్నాను, ఎక్కడైనా పొగ కనిపిస్తే పిలవమన్నాను. అంత చేసినా చీకటి పడేముందు పెద్దాయన మరోసారి వెళ్లి చేత్తో నేల తాకి చూసి వచ్చాడు.

ఇంటికొచ్చే దారిలో బాపుకి ఫోన్ చేస్తే అక్కడ తెల్లవారుజాము. అయినా లేచే ఉన్నాడు. మిస్‌ఫైర్ సంగతి చెప్పాను. ఎట్ల చేసిన్రు అని మొత్తం అడిగాడు, బల్ల ఎటు జరిపిందీ, ఎంతసేపు ఆగిందీ, ఎవరు ముందు వెళ్లిందీ. "ఆ ముసలాయన మంచోడు" అన్నాడు. మా బామ్మర్ది పక్కనుంచి "మామా, వాషింగ్ మెషీన్ పేల్చనియ్యలే" అని ఫిర్యాదు చేస్తే, "నీకు లగ్గమైనంక కొత్తది కొనిస్త గానీ, పాతదాన్ని ఇడిసిపెట్టు" అన్నాడు.

ఆగస్టులో మళ్లీ వెళ్దామని మాలో ఒకరిద్దరు అడిగారు. ఆగస్టులో ఆ కౌంటీలో గడ్డి ఎండిపోయి ఉంటుంది, బర్న్ బ్యాన్ వచ్చే రోజులు. కుదరదని చెప్పేశాను. శీతాకాలంలో మంచి వాన పడ్డాక పెద్దాయనకి ఫోన్ చేసి అడుగుతాను. అప్పటికి గడ్డి గీకి, రాళ్లు ఏరి ఉంటేనే వెళ్తాం.